చుట్టూ నీళ్ళేనంట

హలో… ఆ, నేనే. రెబెకమ్మత్తనే… ఈ ఇంట్లో ఫోను ఇంకెవురు ఎత్తుతారు నేను గాక…

పొద్దున గూడా చేసినావా? ఇనపడలా. అంగన్‌వాడీలో ఉండాను. గుడ్ల బండి వచ్చింది, సగం పగిలినవే. ఆయాను నేనే గదా, లెక్క తగ్గితే నన్నే అంటారు…

ఆ, చెప్పు సురేంద్రా… ఉండు ఉండు. నువ్వు చెప్పే ముందర నేనొకటి చెప్తా, నవ్వుకుందువు. మా పక్కింటి ఆనందమ్మ ఏమనిందో తెలుసా? … బాగనే ఉండాది, దానికేం, రాయి మాదిరి ఉండాది. నిన్న సందేళ గోడ మీద మోచేతులు ఆనించి, 'అక్కా, మీ అల్లుడు పిల్లకాయల్ని అండమాను దీవికి తీసకపోయి ఆడ్నే ఇడిసిపెట్టేసి వస్తాడంట గదా' అనింది…

నవ్వు, నవ్వు. నేను గూడా నవ్వినాను. 'తెల్లదొరల కాలంలో హత్యలు చేసినోళ్ళను పంపే తావక్కా అది, పసిబిడ్డలు ఏం నేరం చేసినారు' అని కంట్లో నీళ్ళు గూడా పెట్టుకునింది…

దానికెట్టా తెలిసిందంటే, ఆటో కొండలయ్య పెండ్లాం చెప్పిందంట. ఆమెకు కొండలయ్య చెప్పినాడు… వాడికి ఎవురు చెప్పాల? పిల్లకాయల బడి క్లర్కు రోజూ పోయేది వాడి ఆటోలోనే గదా. ఆయన ఫోన్లో మాట్లాడతా ఉంటే ఇన్నాడంట. బండి తోలేటోడికి చెవులు ఎనకాల ఉంటాయి…

ఎవురితో మాట్లాడతా ఉన్న్యాడా? నీతోనే…

జోయెలుకు, కెజియకు టీసీలు కావాలని అడిగినావంట నువ్వు.

… హలో? …

ఉండావా? సిగ్నలు పోయిందేమో అనుకున్నా.

… ఊరికే అడిగినావా. టీసీ ఊరికే అడుగుతారా అబ్బయ్యా, సంతలో టమేటా ధర అడిగినట్టు? …

సరేలే. అది తర్వాత చూద్దాం. నేను కోపంగా లేను. నువ్వు నాకు అల్లుడివి అయ్యేదానికి ముందే మా తమ్ముడి కొడుకువి. నీ మీద కోపం పడితే నా మీదే గదా పడాల. ముందు దీవి సంగతి చెప్పు, దానికే గదా చేసినావు…

మే నెలలోనా. ఎండలు… ఆడ ఎండ ఉండదా? సముద్రం గాలా. సరే… ఇమానం మద్రాసు నుంచేనా? … దిగినాక మళ్ళా ఓడ ఎక్కాలనా? ఓడెందుకు మళ్ళా, దీవి వచ్చేసింది గదా… ఓ, దీవిలో నుంచి ఇంకో దీవికి. ఒక దీవి చాలదా పిల్లకాయలకు…

జోయెలు సంగతి ఇనుకో. వాడు ఉదయగిరిలో బస్సెక్కితే ఆత్మకూరు వచ్చేలోపల కక్కుతాడు. ఎన్ని మాట్లంటే అన్ని మాట్లు… ఇమానంలో కక్కరా? ఎవురు చెప్పినారు నీకు? వాడికి తెలుసా అది ఇమానమని, కక్కకూడదని… కవరు ఇస్తారా. మంచోళ్ళే పాపం. నిమ్మకాయ వాసన చూపిస్తే రొంత నిలబడతాడు. నిమ్మకాయ రానిస్తారా లోపలికి? … కనుక్కో.

వాడి ఎడమ చెవి. అప్పుడప్పుడు చీము కారతాది. నీళ్ళు పోకూడదు. దూది కొబ్బరినూనెలో ముంచి చెవిలో పెట్టి, అప్పుడు పొయ్యాల నీళ్ళు. సముద్రంలో దిగినా అంతే… నీకు చెప్తే ఏం లాభం, ఆ పిల్లకు చెప్పు. సుజనకు…

పక్కన్నే ఉండాదా? … వద్దులే, ఇయ్యొద్దు. నువ్వే చెప్పు.

ఇంకా, వాడు పక్క తడుపుతాడు… సిగ్గేంది దీంట్లో, నువ్వు ఎన్నాళ్ళు తడిపినావో మీ అమ్మను అడుగు. రబ్బరు గుడ్డ పంపిస్తా, ఆ హోటలోళ్ళ తెల్ల పరుపు మీద పరచండి. లేకపోతే వాళ్ళేమంటారో. వాళ్ళు సరే, సుజన ఏమంటాదో…

అననులే. ఆ పిల్లను నేనేమన్నా అన్నానా ఇంతవరకు? సారా పోయినాక నిన్ను పెండ్లి చేసుకోమన్నదే నేను. చర్చిలో ఆడోళ్ళంతా నోళ్ళు నొక్కుకుంటే, మగబిడ్డ ఒంటిగా ఎన్నాళ్ళు హోటలు కూడు తింటాడని అడిగిందే నేను. నా కూతురు పోయిన ఏడాది తిరక్క ముందే అడిగినాను… ఆ. గుర్తుంటే చాలు.

పండుకునేటప్పుడు వాడు నా కొంగు చేతికి చుట్టుకుంటాడు… మాన్పించాలా? మాన్పించు. దీవిలోనా మాన్పించేది? ఒక పాత చీర పెడతాలే సంచిలో. రొంత నా వాసన ఉండేది చూసి పెడతా.

కెజియకు ఏమీ చెప్పబళ్ళే. ఎనిమిదేళ్ళు నిండినాయి, తల దువ్వుకునేది, తమ్ముడికి తినిపించేది, అన్నీ అదే చేస్తాది. నోరెత్తదు. ఆ పిల్లను చూస్తేనే నాకు భయం… ఏం లే. చెప్తా. అన్నిటికీ టైం ఉండాది.

సుజన ఈత గుడ్డలు కొనిందా? … గులాబీ రంగుదా. కెజియకు గులాబీ రంగు పడదు. మార్చమను… మార్చరా? అయితే గమ్మున ఉండు, కట్టుకుంటాదిలే. చెప్పినానే, నోరెత్తదని.

ఉండు ఒక నిమిషం…

ఒరే జోయెలా. ఒరే, ఆ డ్రమ్ములో తలకాయ పెట్టొద్దని చెప్పినానా లేదా? తాగే నీళ్ళు రా అవి. ట్యాంకరు మళ్ళా ఎప్పుడొస్తాదో ఆ దేవుడికే తెలియాల… అమ్మీ, నువ్వు లెక్కపెట్టేది ఆపు. నువ్వు లెక్కపెట్టబట్టే వాడు మునుగుతుండాడు…

ఆ, చెప్పు. ఏం లే, నీ కొడుకు. నీళ్ళ డ్రమ్ములో తల ముంచి ఊపిరి బిగపడతాడు. అక్క పక్కన నిలబడి లెక్కపెడతాది. నువ్వు వీడియో కాల్లో దీవి సంగతి చెప్పిన కాడి నుంచి ఇదే పని. ఊర్లో తాగేదానికి దిక్కులేదు, వీళ్ళకు సముద్రం కావాల…

నవ్వుతుండావా. ఆట అనుకుంటివా. నేను గూడా ఆటే అనుకున్నా.

సరే, వచ్చేది ఎప్పుడు? …

వచ్చేది అబ్బయ్యా. పోయే ఇమానం చెప్పినావు, ఓడ చెప్పినావు, అడుగున అద్దం ఉండే పడవ చెప్పినావు, హోటల్లో పొద్దున టిఫిను ఏం పెడతారో అది గూడా చెప్పినావు. వచ్చేది చెప్పలా… మద్రాసుకా. మద్రాసుకు వచ్చినాక? … వచ్చినాక, ఉదయగిరికి ఎప్పుడు? …

నీళ్ళు నమలొద్దు. మీ నాయన గూడా ఇంతే, అబద్ధం చెప్పాలంటే ముందు గొంతు సవరించుకుంటాడు. మా తమ్ముడు గదా, నాకు తెలవదా.

… చెప్పు, ఇంటుండా …

సీటు గూడా చూసినావా. జూన్లోనే. మద్రాసులో, మీ ఇంటి దగ్గరే… ఇంగ్లీషు మీడియం. ఆ. బస్సు వాకిట్లోకే వస్తాదా. బాగుండాది.

అంటే, దీవి చూపించేది ఎందుకంటే ఆడ్నుంచి అటే తోలకపోయేదానికి. గొర్రెపిల్లకు అవిసాకు చూపించి నడిపించుకోని పోతారే, అట్టా…

నేను తప్పనలేదే. తండ్రివి నువ్వు. కోర్టుకు పోయినా నీకే ఇస్తారు, నాకు ఆ మాత్రం తెలుసు. రేపు నేను మంచాన పడితే వాళ్ళను చూసేదెవురు, అది గూడా ఆలోచించినా. కానీ చెప్పి తీసకపోవాల సురేంద్రా. గంప కింద కోడిపిల్లల్ని ఎత్తకపోయినట్టు కాదు. ఆనందమ్మ గోడ మీద నుంచి చెప్తే తెలుసుకోవాల్నా నేను? …

సుజనకు అలవాటు పడాలనా. ఆంటీ అంటుండారనా… అమ్మా అని పిలిపించుకోవాలని ఉంటాదిలే ఆ పిల్లకు. దాంట్లో తప్పు లే. పిలుస్తారు. ఎప్పటికో పిలుస్తారు. తొందరపడితే మాటలు రావు గదా నోట్లో నుంచి…

ఏందీ? మళ్ళా చెప్పు… మర్చిపోయినారా? ఎవుర్ని?

… సారానా.

ఆ… నిజమే. అడగరు. అమ్మ ఏది అని నన్ను అడిగి ఎన్నాళ్ళయిందో. మొదట్లో రెండు దినాలు అడిగినారు, అంతే. నేను గూడా అట్టనే అనుకున్నా. పసిబిడ్డలు, దేవుడే మరుపు ఇచ్చినాడు, మంచిదేలే అనుకున్నా. ఎందుకు అడగలేదో ఈ పొద్దున తెలిసింది.

నువ్వు ఏడ ఉండావు ఇప్పుడు? … బండి మీద ఏమన్నా? … అయితే ఆ పిల్లను రొంతసేపు లోపలికి పొమ్మను. నువ్వు కూర్చో. కూర్చున్నావా? …

పొద్దున ఇల్లు ఊడుస్తా ఉంటే మంచం కింద సంచి తగిలింది. నువ్వు బళ్ళోకని పంపించిన సంచే, కార్టూను బొమ్మది. దుప్పటి కప్పి దాచి ఉండారు. దీవికి ఇప్పటి నుంచే సర్దుకున్నారే పిచ్చిముండాకొడుకులు అని నవ్వుకుంటా తెరిచినా…

గుడ్డలు కాదబ్బయ్యా. వాళ్ళ గుడ్డ ఒక్కటి గూడా లే దాంట్లో.

సారా చీర. క్రిస్మస్‌కు నువ్వు తెచ్చింది, ఆ నీలం రంగుది… చెప్పులు. పేపర్లో చుట్టి పెట్టింది. దువ్వెన. దాంట్లో వెంట్రుకలు అట్టనే ఉండాయి… ఇంకా మాత్రల డబ్బా…

ఆ. అవే, కిడ్నీ మాత్రలు. అన్నీ తీసుకోని పోయి పారేసినానని అనుకున్నా. కెజియ ఎప్పుడు ఎత్తి దాచుకునిందో నాకు తెలవదు.

పిలిచి అడిగినాను. ఏంది కెజియా ఇది అని. తిట్టలేదు, మామూలుగానే అడిగినా. 'అమ్మ మాత్రలు మర్చిపోయి పోయింది గదవ్వా. ఆడ కాళ్ళు వాస్తాయి. తీసకపోయి ఇద్దాం' అనింది…

… సురేంద్రా? … ఉండావా? …

ఉండు మరి. పోవద్దు.

ఏడికి పోయి ఇస్తావు అంటే, నన్ను ఒక చూపు చూసింది. నాకేం తెలవదని, అంగన్‌వాడీ పిల్లకాయలకు నేను చెప్పినట్టు చెప్పింది. సండే స్కూల్లో టీచరమ్మ చెప్పిందంట. ఎనకటికి ఒక భక్తుణ్ణి పట్టుకోని ఒక దీవిలో వదిలేసినారంట. ఆ దీవిలో నిలబడి చూస్తే పరలోకం తలుపు తెరుచుకోని ఉండాదంట. లోపల ఉండేవాళ్ళు కనిపించినారంట, తెల్ల గుడ్డలు కట్టుకోని. బొమ్మ గూడా చూపించిందంట. చుట్టూ సముద్రం, మధ్యలో రాయి, రాయి మీద ముసలాయన పైకి చూస్తా ఉంటాడు…

అర్థమయిందా? అమ్మ ప్రభువు దగ్గరికి పోయిందని మనం చెప్పినాము. ప్రభువు ఉండే చోటు దీవిలో నుంచి కనిపిస్తాదని ఆమె చెప్పింది. ఈ ఎండాకాలం దీవికి తీసకపోతానని నువ్వు చెప్పినావు. పిల్లది మూడూ కలుపుకునింది. దాని తప్పేముండాది దీంట్లో…

టీచరమ్మను ఎందుకు అనేది? బైబుల్లో ఉండే కథే గదా చెప్పింది. ఉండేది ఉన్నట్టు చెప్పనిది మనమే.

ఇంకోటి గూడా అనింది. 'అమ్మకు సముద్రం చూడాలని ఉన్న్యది గదవ్వా' అని… గుర్తుండాదా నీకు? డయాలసిస్‌కు నెల్లూరు పోయినప్పుడల్లా అడిగేది సారా, మైపాడు రొంత దూరమే గదా, ఒక్కసారి కాళ్ళు తడుపుకోని పోదామని. నీరసంగా ఉండావు, వచ్చే వారం పోదాం అనేటోడివి… నేను గూడా అన్నాలే. నువ్వు ఒక్కడివే కాదు. ఆ మాటలన్నీ ఇది ఎనక సీట్లో కూర్చోని ఇంటా ఉన్న్యట్టుంది.

జోయెలు ఏమన్నాడో చెప్పాల్నా? … వద్దంటే ఎట్టా. నేను ఇన్నా గదా ఒంటిగా. నువ్వు గూడా ఇను.

చిన్న స్టీలు గ్లాసు ఉన్న్యది చూడు, సారాకు నీళ్ళు కొలిచి పోసేది. దినానికి ఇన్నే తాగాల, జాస్తి తాగితే ఊపిరాడదని డాక్టరు చెప్పినాడే… ఆ గ్లాసే. ఆఖర్లో దాన్ని చూసి ఏడ్చేది నా బిడ్డ, నాలిక్కి తడి చేస్తే చాలమ్మా అని. అక్క ఆ గ్లాసు సంచిలో పెట్టిందంట, వీడు తీసి అవతల పారేసినాడంట. ఎందుకు రా అంటే…

'ఆడ వద్దవ్వా' అన్నాడు. 'దీవి అంటే చుట్టూ నీళ్ళేనంట. అమ్మ కావలసినన్ని తాగతాది.'

… …

ఏడవొద్దు… ఏడవొద్దంటిని గదా. నేను పొద్దున్నే ఏడ్చేసి, మొహం కడుక్కోని, పనికి పోయి, పగిలిన గుడ్లు ఏరి వచ్చినా.

… అమ్మ ఇంక రాదని ఎట్టా తెలుస్తాది వాళ్ళకు? పెట్టె చూసినారా? మట్టి వేసినారా? చూపించొద్దని అన్నదెవురు? … పాస్టరు చూపించమనే చెప్పినాడు. నేను గూడా చెప్పినాను, ఒక పిడికెడు మట్టి వాళ్ళ చేత గూడా వేయించాల సురేంద్రా, తెలియాల బిడ్డలకు అని. చిన్న మనసులు, దడుచుకుంటారని నువ్వే ఇన్లా. ఆనందమ్మకు అప్పజెప్పి ఆత్మకూరు పంపించేసినావు. ఐస్‌క్రీములు తినిపించి, బెలూన్లు కొనిపెట్టి, సందేళకు తీసకొచ్చింది. వచ్చేసరికి షామియానా పీకేసి ఉండారు. ఇల్లు కడిగేసి ఉండాది. అమ్మ ఏది అంటే ప్రభువు దగ్గరికి పోయింది. అయిపోయె. ఐస్‌క్రీం తిని వచ్చేలోపల పోయిన మనిషి, ఇంకొక ఊరికి పోయినట్టే గదా వాళ్ళకు…

తిట్టడంలా. ఇప్పుడు తిట్టి ఏం చేసేది.

… నన్ను చెప్పమంటావా? నేను చెప్పను…

చేతగాక కాదు. బిడ్డను బొంద పెట్టిన మనిషికి ఒక మాట చెప్పేది పెద్ద పనా. నువ్వు చెప్పాల. టీసీ అడిగేదానికి తండ్రివైతే దీనికి గూడా తండ్రివే.

… దీవి ప్రయాణం రద్దు చేస్తావా. చెయ్యి. పిల్లకాయలు వీధంతా చెప్పుకోని ఉండారు. రద్దు చేస్తే ఏమవుతాదో చెప్పనా? అమ్మ కాడికి పోతా ఉంటే నాయన పోనియ్యలేదని పెట్టుకుంటారు మనసులో. ఎంత పెద్దయినా పోదు అది…

అట్టనే తీసకపోతే ఏమవుతాదో అది గూడా చెప్తా. మీరు గట్టు మీద నిలబడి ఫోటోలు దిగుతా ఉంటారు. కెజియ మాత్రల డబ్బా పట్టుకోని పైకి చూస్తా ఉంటాది, ఆ బొమ్మలో ముసలాయన మాదిరి. పైన కనిపించకపోతే వీడు నీళ్ళల్లో చూస్తాడు. డ్రమ్ములో తలకాయ ముంచి ఊపిరి బిగబట్టేది ఎందుకనుకుంటివి? చేపలకా? …

ఆ. అందుకే చెప్తుండా, ఈత గుడ్డలు తర్వాత కొందురు గానీ.

నా మాట ఇను. దీవికి పోయే ముందర ఒకసారి ఈడికి రా. ఆదివారం రా. ఆరాధన అయినాక ఇద్దరినీ చెరొక చెయ్యి పట్టుకోని సమాధుల తోటకు తీసకపో. రాయి గూడా వేయించలేదు ఇంకా, ఆ చెక్క సిలువే, అది గూడా ఒక పక్కకు ఒరిగింది. దాని ముందర నిలబెట్టి చెప్పు. మీ అమ్మ ఈడ ఉండాది, ఇంక లేవదు అని చెప్పు. వివరాలు వద్దు. ఏడుస్తారు, ఏడవనీ. నేను ఉంటా ఎనకాల. ఏడ్చినాక తీసకపో దీవికి. అప్పుడు సముద్రం సముద్రం మాదిరి కనిపిస్తాది వాళ్ళకు…

లీవు లేదా? దీవికి ఉండాది లీవు. సమాధి కాడికి ఒక పూట లేదా…

… ధైర్యం చాలదా.

తెలుసులే. ఆ పొద్దు గూడా నువ్వు సమాధుల తోట గేటు కాడ్నే నిలబడిపోయినావు. నేను చూడలేదనుకున్నావేమో. అందరూ మట్టి వేసి వచ్చినారు, నువ్వు చెప్పులు గూడా ఇడవలేదు… దాన్ని తప్పు పట్టలా నేను. కానీ నీకు చాలని ధైర్యం అయిదేళ్ళోడికి ఉండాలంటే ఎట్టా చెప్పు…

… ఏంది? … గట్టిగా చెప్పు, ఇనపడలా. ఆ పిల్ల ఏమంటాది ఎనక నుంచి? …

పిల్లకాయల్నే అడగమంటాదా. దేన్ని? … ఎవురి కాడ ఉంటారో. నేను వాళ్ళను అడ్డం పెట్టుకోని మాట్లాడుతుండానా? అట్టా అనిందా? …

సరే. మంచి మాటే చెప్పింది. అడుగుదాం. నువ్వు ఒప్పుకుంటావా? … మాట మీద ఉండాల. వాళ్ళు ఉదయగిరి అంటే, దీవి నుంచి వచ్చినాక తీసకొచ్చి ఈడ దింపాల. టీసీ అనే మాట ఇంక ఎత్తకూడదు… మద్రాసు అంటారా? అంటే నేనే సర్దిస్తా సంచి. ఆత్మకూరు దాకా వచ్చి బస్సెక్కిస్తా. ఏడవను గూడా, చూస్తా ఉండు…

నాకేం భయం. కొంగు చేతికి చుట్టుకోకుండా కన్ను మూయడు వాడు. అడిగిందానికి వాళ్ళు ఏం చెప్తారో నాకు తెలవదా, నీకు తెలవదా…

ఆదివారం సంగతి గూడా అట్టనే. ఏం చెప్పినా ఆదివారం నువ్వు రావాల. ఒప్పుకున్నావు గదా? … నోటితో చెప్పు… ఆ.

ఉండు పిలుస్తా.

కెజియా… అమ్మీ, కెజియా. ఇట్టా రా. తమ్ముణ్ణి గూడా తీసకరా… ఏందిరా ఇది, తలంతా కారతా ఉండాది. చెవి చూపించు. పోయినాయా నీళ్ళు లోపలికి? … ఇదో, ఈ కొంగుతో తుడుచుకో. కదలొద్దు…

కూర్చోండి ఇద్దరూ. ఫోన్లో మీ నాయన ఉండాడు… లే, వీడియో కాదు. మామూలు ఫోనే… చెప్దువు గానీలే, ముందు నేను అడిగేది ఇను.

మీ నాయన ఒకటి అడుగుతుండాడు. భయపడబళ్ళేదు, ఎవురూ తిట్టరు, ఉండేది చెప్పాల… కాలు ఊపొద్దురా… దీవికి పోతారు గదా నాయనతో, ఆంటీతో. పోయేదానికి టికెట్టు తీసేసినాడంట. వచ్చేదానికి గూడా తీయాల గదా. ఏడికి తీయమంటారు? ఈడికా, నాయన ఇంటికా? …

ఏంది? …

నా మొహం చూసి చెప్పమ్మీ. ఏడికి? …

అమ్మతోనే ఉండిపోతారా.

… నువ్వు రా, జోయెలా? … నువ్వు గూడానా…

…

సురేంద్రా. ఇన్నావా? … ఇనపడలేదా.

పోయేదానికి తీస్తే చాలంట. వచ్చేదానికి వద్దంట.

…